స్నానాల నీటిని ట్యాంకులో దాచకండి, మట్టికి అప్పగించండి

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎందుకంటే నా సమాధానమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఐదుగురు ఉండబోయే ఇల్లు కట్టుకుంటున్నారు. స్నానాల గదులు, చేతులు కడిగే బేసిన్లు, వాషింగ్ మెషీన్, వంటింటి సింకు, ఈ నాలుగింటి నీటినీ భూమిలో కట్టే 2000 లీటర్ల సంపులోకి చేర్చి, కంకర, ఇసుక, బొగ్గు నింపిన డ్రమ్ము గుండా వడకట్టి, టాయిలెట్ ఫ్లష్‌కూ, డ్రిప్ గొట్టాలతో పెరటి మొక్కలకూ వాడాలని మీ ఆలోచన. పరీక్షగా ఒక డ్రమ్ములో స్నానాల నీరు పట్టి ఉంచితే మూడో రోజుకే నల్లబడి కుళ్ళిన గుడ్ల వాసన వేసింది. ఇంకా మంచి ఫిల్టరు ఏది పెడితే ఈ వాసన పోతుందని అడిగారు.

ఏ ఫిల్టరు పెట్టినా పోదు. ఆ వాసన వడపోత లోపం వల్ల రాలేదు, నిల్వ ఉంచడం వల్ల వచ్చింది. ఇళ్ళకు ఇలాంటి ఏర్పాట్లు చేయడం, చెడిపోయినవాటిని విప్పి చూసి బాగుచేయడం ఇరవై ఏళ్ళుగా నా పని. వదిలేసిన ఏర్పాట్లలో నేను చూసినవాటిలో ఎక్కువ భాగం మీరు గీసుకున్న పథకం లాంటివే. అన్ని నీళ్ళూ ఒకే చోట కలపడం, పెద్ద ట్యాంకులో దాచడం, ఆ తరువాత శుద్ధి చేయడానికి తంటాలు పడడం. మీ సంపు ఇంకా తవ్వలేదు కాబట్టి ఈ మాట ఇప్పుడే గట్టిగా చెబుతున్నాను.

వాసన సంగతి ముందు అర్థం చేసుకుందాం, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ దాని నుంచే వస్తాయి. నీరు గాలి నుంచి తీసుకుని తనలో కరిగించుకోగల ఆక్సిజన్ చాలా తక్కువ. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు మాత్రమే, నీరు వెచ్చబడే కొద్దీ ఇంకా తగ్గుతుంది. స్నానాల నీటిలో సబ్బు, చర్మపు పొట్టు, నూనె, చెమట ఉంటాయి. వీటిని సూక్ష్మజీవులు తిని కరిగించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలతను బి.ఓ.డి. అంటారు. ఇంటింటికీ అది మారుతుంది గాని, మరుగుదొడ్డి నీరు కలవని వాడుక నీటిలో, అంటే గ్రేవాటర్‌లో, లీటరుకు 100 నుంచి 300 మిల్లీగ్రాముల మధ్య ఉండడం సాధారణం. మన లెక్కకు 200 అనుకుందాం. రెండు వందలు కావలసిన చోట చేతిలో ఉన్నది ఎనిమిది. ఆ ఎనిమిది కొద్ది గంటల్లోనే ఖర్చయిపోతుంది. అప్పటినుంచి ఆక్సిజన్ అక్కరలేని సూక్ష్మజీవులు పని అందుకుంటాయి. అవి నీటిలోని సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మారుస్తాయి. కుళ్ళిన గుడ్ల వాసన దానిదే, నలుపు రంగు ఆ సల్ఫైడు ఇనుముతో కలవడం వల్ల వచ్చింది. బట్టలు ఉతికే పొడులలో చాలావాటికి సోడియం సల్ఫేట్ పెద్ద మోతాదులో పూరకంగా కలుపుతారు కాబట్టి, వాషింగ్ మెషీన్ నీరు కూడా సంపులో చేరితే ఆ సూక్ష్మజీవులకు మనమే మేత వేసినట్టవుతుంది.

వాసన కన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. స్నానాల నీటిలో, ముఖ్యంగా పసిపిల్లలు ఉన్న ఇంట్లో, మలసంబంధమైన బాక్టీరియా కొంత తప్పనిసరిగా ఉంటుంది. గోరువెచ్చగా, పోషకాలతో నిండిన ఆ నీటిని కదలకుండా ఉంచితే మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వాటి సంఖ్య పది నుంచి వంద రెట్లు పెరగవచ్చు. అందుకే శుద్ధి చేయని గ్రేవాటర్‌ను 24 గంటలకు మించి ఉంచకూడదన్న నియమం చాలా దేశాల మార్గదర్శకాల్లో కనిపిస్తుంది. నా పద్ధతి అంతకన్నా కఠినం. తోట కోసమైతే అసలు నిల్వే ఉంచను, స్నానం చేస్తుండగానే నీరు మొక్క పాదుకు చేరిపోవాలి.

ఇక మీ డ్రమ్ము ఫిల్టరు. వడకట్టడం వేరు, శుద్ధి చేయడం వేరు. ఇసుక తేలియాడే పొట్టును, నూలు పోగులను, వెంట్రుకలను పట్టుకుంటుంది, కరిగిపోయిన సబ్బును పట్టుకోలేదు. మామూలు కట్టె బొగ్గు ఉత్తేజిత బొగ్గు (లెక్కలేనన్ని సన్నని రంధ్రాలు ఏర్పడేలా ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) కాదు. ఉత్తేజిత బొగ్గే అయినా, గ్రేవాటర్‌లో ఉన్నంత సేంద్రియ పదార్థానికి దాని రంధ్రాలు త్వరగా నిండిపోతాయి, ఆ తరువాత అది ఉన్నా లేనట్టే. పైగా అది క్రిములను చంపదు. 1829లో లండన్‌లోని చెల్సీలో జేమ్స్ సింప్సన్ నది నీటిని శుభ్రపరచడానికి పెద్ద ఇసుక వడపోత పడకలు కట్టినప్పుడు, ఇసుక రేణువులే పని చేస్తున్నాయని అందరూ అనుకున్నారు. ఇసుక పైన పెరిగే పలుచని సజీవ పొర అసలు పని చేస్తోందని తరువాతి కాలంలో తెలిసింది. ఆ జీవపొరకు ఆక్సిజన్ కావాలి. మూతపెట్టి, ఎప్పుడూ నిండుగా నీరు నిలిచి ఉండే డ్రమ్ములో ఆక్సిజన్ అందదు, అందువల్ల ఆ పొర జిగటగా మారి, కొన్ని వారాలకే పూడుకుపోయి, తానే వాసనకు పుట్టిల్లవుతుంది. నది నీటికన్నా గ్రేవాటర్ ఎన్నో రెట్లు చిక్కన అన్నది కూడా మరువకూడదు.

ఆక్సిజన్ ఎక్కడ దొరుకుతుందో చూస్తే దారి కనిపిస్తుంది. నేల పై 30 సెంటీమీటర్ల మట్టి సగం ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీల్లో కొంత నీరు, కొంత గాలి ఉంటాయి, గాలిలో ఐదో వంతు ఆక్సిజన్. మట్టి రేణువు చుట్టూ పలుచని పొరగా పరుచుకున్న నీటికి ఆ ఆక్సిజన్ ఎడతెగకుండా అందుతుంది. బాక్టీరియా, బూజులు, వానపాములు, వేళ్ళు అక్కడే కాపురముంటాయి. డ్రమ్ములో మూడు రోజులకు కుళ్ళిన నీరే మట్టిలో పడితే వాసన లేకుండా జీర్ణమైపోతుంది. మట్టి అడిగేవి రెండే. తన శక్తికి మించి పోయవద్దంటుంది, ఒక తడికీ మరో తడికీ మధ్య కాస్త ఆరనివ్వమంటుంది. కాబట్టి నా సలహా ఒక్కటే. స్నానాల నీరు, వాషింగ్ మెషీన్ నీరు వేరువేరు గొట్టాల్లో, విడిగా పంపు పెట్టకుండా, వాలుతోనే నేరుగా పెరట్లోని చెట్ల పాదుల్లోకి పంపండి. వంటింటి నీటిని దీనిలో కలపకండి. ఫ్లష్ సంగతి తరువాత విడిగా ఆలోచించండి.

వంటింటి సింకును ఎందుకు విడదీయమంటున్నానో చెప్పాలి. ఆ నీటిలో నూనె, ఆహారపు తునకలు ఉంటాయి, బి.ఓ.డి. స్నానాల నీటికన్నా చాలా ఎక్కువ. వేడిగా ఉన్నప్పుడు కరిగి పోయిన కొవ్వు గొట్టంలో చల్లారి గట్టిపడుతుంది, పాదులోకి చేరినది మట్టి రేణువులకు పూత పూసి నీరు ఇంకకుండా చేస్తుంది, వాసనకు ఎలుకలు వస్తాయి. న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. సూక్ష్మజీవులు చక్కగా పనిచేయాలంటే బి.ఓ.డి., నైట్రోజన్, భాస్వరం సుమారు 100:5:1 నిష్పత్తిలో ఉండాలంటారు. మూత్రం మరుగుదొడ్డిలోకి పోతుంది కాబట్టి స్నానాల నీటిలో నైట్రోజన్ తక్కువ, వంటింటి నీటిలో కొంత ఉంటుంది. ట్యాంకులో యంత్రాలతో శుద్ధి చేసేవారికి ఇది ముఖ్యం. మట్టిలో వేసేవారికి ఆ నైట్రోజన్ మట్టే ఇస్తుంది. అందువల్ల వంటింటి నీటిని సెప్టిక్ ట్యాంకుకో, వీధి మురుగు కాలువకో పోనివ్వండి.

స్నానాల నీటినైనా ఎప్పుడూ తోటకే పంపడం తగదు. పసిపిల్లల మలం అంటిన బట్టలు ఉతికినప్పుడు, ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకున్నప్పుడు, తలకు రంగు వేసుకున్నప్పుడు, బ్లీచ్ వాడినప్పుడు, ఎడతెరిపి లేని వానల్లో నేల తడిసి ముద్దయినప్పుడు ఆ నీరు మురుగు గొట్టంలోకే పోవాలి. ఇందుకోసం ప్రతి గొట్టం మీద మూడు దారుల వాల్వు ఒకటి పెట్టించండి. దాన్ని మేడ వెనుకో, నేల కిందో కాక, వాషింగ్ మెషీన్ పక్కనే, నిలబడి చేయి చాస్తే అందేచోట పెట్టించండి, ఏ వైపు తిప్పితే ఎటు పోతుందో దాని మీదే రాయించండి. చేతికి అందని వాల్వును ఎవరూ తిప్పరు, ఇది నేను ఎన్నో ఇళ్ళలో చూశాను.

ఇప్పుడు మీరు అడగని విషయం, నేను మాత్రం అన్నిటికన్నా ముఖ్యమనుకునేది. బట్టల సబ్బులో ఏముందో చూడండి. సేంద్రియ పదార్థాన్ని మట్టి జీర్ణించుకుంటుంది, ఉప్పును జీర్ణించుకోలేదు. ఇసుక ఫిల్టరు, రెల్లు నాటిన కంకర పడక, క్రిములను చంపే అతినీలలోహిత (యు.వి.) దీపం, వీటిలో ఏదీ సోడియాన్ని ఆపదు. ఉతికే పొడి ద్వారా రోజూ చేరే సోడియం బంకమట్టి రేణువుల మీద ఉన్న కాల్షియాన్ని తోసివేసి ఆ చోటు ఆక్రమిస్తుంది. అప్పటిదాకా ఒకదానికొకటి అంటుకుని గుల్లగా ఉన్న రేణువులు విడిపోయి, సన్నని ఖాళీలను పూడ్చేస్తాయి. నీరు ఇంకదు, గాలి ఆడదు, ఎండితే రాయిలా గట్టిపడుతుంది. నేల చౌడు బారడమంటే ఇదే.

నా తొలి రోజుల్లో వేసిన ఒక ఏర్పాటులో వాషింగ్ మెషీన్ నీరంతా మూడే మూడు చెట్లకు పంపాను. మొదటి ఏడాది చెట్లు ఏపుగా ఎదిగాయి, నేనూ సంతోషించాను. రెండో ఏడాది ఆకుల అంచులు మాడడం మొదలైంది, పాదుల్లో నీరు గంటల తరబడి నిలిచిపోయింది. తవ్వి చూస్తే పై మట్టి పలకలా బిగుసుకుపోయి ఉంది. గొట్టాల్లో ఏ దోషమూ లేదు. ఆ ఇంటివారు వాడే సబ్బు పొడి ఏమిటని నేను ముందుగా అడగలేదు, తప్పు అక్కడే జరిగింది. అప్పటినుంచి గొట్టాల గురించి మాట్లాడే ముందు సబ్బు డబ్బా చూపించమని అడుగుతున్నాను.

దీనికి కొలతలు ఉన్నాయి. నీటిలోని సోడియం, కాల్షియం, మెగ్నీషియం మోతాదులను లీటరుకు మిల్లీ ఈక్వివలెంట్లలో (బరువును కాక అయాన్ల విద్యుదావేశాన్ని లెక్కించే ప్రమాణంలో) తీసుకుని, కాల్షియం, మెగ్నీషియంల మొత్తాన్ని రెండుతో భాగించి, దాని వర్గమూలంతో సోడియాన్ని భాగిస్తే సోడియం శోషణ నిష్పత్తి వస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1985లో సవరించిన సాగునీటి నాణ్యత మార్గదర్శకాల ప్రకారం, మొక్కలకు సోడియం చేసే హాని పరంగా ఈ నిష్పత్తి 3 కన్నా తక్కువైతే పారించే నీటితో ఇబ్బంది లేదు, 9 దాటితే తీవ్రమైన ఇబ్బంది. బోరాక్స్ వంటివాటి నుంచి నీటిలో చేరే బోరాన్ లీటరుకు 0.7 మిల్లీగ్రాముల లోపు ఉంటే భయం లేదు, 3 దాటితే చాలా మొక్కలు తట్టుకోలేవు. ప్రయోగశాలలో పరీక్ష చేయించగలిగితే మంచిదే, లేకపోయినా డబ్బా మీది వివరాలు చదవండి. సోడియం సల్ఫేట్, సోడియం కార్బొనేట్ ముందు వరుసలో ఉన్న పొడులు, బోరాక్స్ లేదా పెర్బొరేట్ ఉన్నవి, హైపోక్లోరైట్ ఉన్న బ్లీచులు తోటకు పనికిరావు. ద్రవరూప డిటర్జెంట్లలో సాధారణంగా ఉప్పు తక్కువ, పొటాషియంతో చేసిన ద్రవ సబ్బులు ఇంకా మేలు. ఉతికిన నీటి క్షారగుణం కూడా గమనించాలి. పొడి వాడిన నీటి పి.హెచ్. 9, 10 వరకు పోవచ్చు, ఆమ్ల నేలను కోరే మొక్కలకు అది సరిపడదు.

ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటి చెబుతాను. పాదులోంచి బఠాణీ గింజంత ఎండు మట్టిగడ్డ తీసి, గాజు గ్లాసులో స్వేదనజలం గాని వాన నీరు గాని పోసి, కదపకుండా అందులో వదలండి. గడ్డ విచ్చుకుని విడిపోయినా చుట్టూ నీరు తేటగా ఉంటే ఫరవాలేదు. గడ్డ చుట్టూ పాలలాంటి మసక వలయం ఏర్పడి వ్యాపిస్తే బంకమట్టి చెదిరిపోతోందని అర్థం. ఏర్పాటు మొదలుపెట్టే ముందు ఒకసారి, తరువాత ఏడాదికి రెండుసార్లు చేసి చూడండి. మసక కనిపిస్తే సబ్బు మార్చండి, జిప్సం వేసి మంచినీటితోనో వాన నీటితోనో బాగా తడపండి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తిరిగి తోసివేస్తుంది, నీరు దాన్ని కిందికి దించుతుంది.

ఇక ఎంత నీరు, ఎంత నేల. ఒక్కొక్కరికి స్నానానికి, చేతులు కడగడానికి 45 లీటర్ల చొప్పున ఐదుగురికి 225, ఉతుకుడుకు రోజు సగటున 75 అనుకుంటే మొత్తం 300 లీటర్లు. మీ ఇంట్లో కొలిచి ఈ అంకెలు సరిచేసుకోండి, కాని లెక్క తీరు ఇదే. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు లోతు నీరంటే సరిగ్గా ఒక లీటరు. పచ్చగా కమ్ముకున్న తోట వెచ్చని రోజున సుమారు 5 మిల్లీమీటర్ల నీరు తాగుతుంది. అంటే 300 లీటర్లు 60 చదరపు మీటర్ల పచ్చదనానికి సరిపోతాయి. నేల తాగగలిగేది వేరే లెక్క. ముతక ఇసుక నేలలో చదరపు మీటరుకు రోజుకు 200 లీటర్ల దాకా ఇంకించవచ్చు, బంకమట్టిలో 35 లీటర్లు కూడా కష్టం. ఈ రెండు లెక్కల తేడా చాలామంది చూడరు. ఇసుక నేల నీటిని ఇట్టే మింగేస్తే అంతా సవ్యంగా ఉందనుకుంటారు. వేళ్ళు తాగనిదంతా సరిగా శుద్ధి కాకుండానే భూగర్భజలం వైపు దిగిపోతూ ఉంటుంది. కాబట్టి ఇసుక నేలలో పాదుల సంఖ్య పెంచాలి, బంకమట్టిలో పాదుల వైశాల్యం పెంచాలి. తాగునీటి బావికి కనీసం 30 మీటర్ల దూరం పాటించండి. వానాకాలంలో కూడా భూగర్భజలం ఒకటిన్నర మీటరు కన్నా లోతున ఉండాలి. ఇంటి పునాదికి కూడా ఒకటిన్నర మీటరు దూరం ఉంచమనే నేను చెబుతాను.

నేల తీరు తెలుసుకోవడానికి పాదు తీయబోయే చోట 30 సెంటీమీటర్ల గుంత తవ్వి, నీరు నింపి ఇంకిపోనిచ్చి, మరునాడు మళ్ళీ నింపి గంటకు ఎంత దిగుతుందో కొలవండి. మొదటి రోజు కొలత మోసం చేస్తుంది, ఎండు నేల దాహం కొద్దీ తాగేస్తుంది.

పాదు కట్టడంలో ఒక నేర్పు ఉంది. కాండం మొదలును దిబ్బగా ఎత్తుగా ఉంచి, కొమ్మల అంచు నీడ పడే మేర చుట్టూ కందకంలా తీయండి, మొదట్లో నీరు నిలిస్తే కాండం కుళ్ళుతుంది. కందకాన్ని ముతక చెక్కముక్కలతో, ఎండు కొమ్మల తునకలతో 15 సెంటీమీటర్ల మందాన నింపండి. వాషింగ్ మెషీన్ ఒకసారి తోడిపోసే నీరంతా ఆ కందకంలో పొంగకుండా పట్టాలి. గొట్టం చివర ఈ ఆచ్ఛాదన పైపొరకు కిందుగా, కాని మట్టికి తగలకుండా, నాలుగు వేళ్ళ ఎత్తు నుంచి నీరు జారిపడేలా ఉండాలి. అలా లేకపోతే వేళ్ళు గొట్టంలోకే పాకి పూడ్చేస్తాయి. అడుగు లేని చిన్న తొట్టిని బోర్లించి ఆ చోటును కాపాడండి, పైన తీయగల మూత ఉంచండి. వెంట్రుకలు, పోగులు చెక్కముక్కల్లో చిక్కుకుని అక్కడే కుళ్ళి మట్టవుతాయి. అదే మీ ఫిల్టరు. ఏడాదికోసారి కొత్త ముక్కలు పైన వేస్తే చాలు, కడగాల్సింది ఏమీ లేదు.

స్నానాల గొట్టం మీటరుకు 2 సెంటీమీటర్ల వాలుతో, 40 లేదా 50 మిల్లీమీటర్ల వ్యాసంతో వెళ్ళాలి. ఎక్కడా దిగి మళ్ళీ ఎక్కకూడదు, దిగినచోట మడ్డి పేరుకుంటుంది. వాషింగ్ మెషీన్‌కు లోపలే పంపు ఉంటుంది కాబట్టి 25 మిల్లీమీటర్ల గొట్టం చాలు. కాని ఆ పంపు చేత నీటిని కొండెక్కించవద్దు, దాని గొట్టం చివర సన్నని జాలీ సంచి కట్టవద్దు, రెండూ మోటారును కాలుస్తాయి. గొట్టం అత్యంత ఎత్తున ఉన్నచోట గాలి లోపలికి వచ్చే చిన్న వాల్వు పెట్టించండి. అది లేకపోతే నీరు సైఫన్ పట్టి, యంత్రం నింపుకుంటున్న మంచినీటిని కూడా తోటలోకి లాగేయవచ్చు.

డ్రిప్ గురించి నా అభిప్రాయం స్పష్టం. శుద్ధి కాని గ్రేవాటర్‌ను డ్రిప్‌లో పెట్టకండి. ఆ రంధ్రాలు మిల్లీమీటరు అటూఇటూ ఉంటాయి. వాటిని కాపాడాలంటే 100 నుంచి 130 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జాలీ కావాలి, ఆ జాలీని దాదాపు రోజూ విప్పి కడగాలి. మొదటి నెల అందరూ కడుగుతారు. స్ప్రింక్లరు అసలే వద్దు. తుంపరలతో పాటు క్రిములు గాలిలోకి లేచి ఊపిరిలోకి పోతాయి. నీరు ఎప్పుడూ ఆచ్ఛాదన కిందే పారాలి, మనిషి చేతికి, పెంపుడు జంతువు నోటికి అందకూడదు. పండ్ల చెట్లకు, పూల పొదలకు, నీడనిచ్చే చెట్లకు నిస్సంకోచంగా వాడండి. పచ్చిగా తినే ఆకులకు, నేలలో ఊరే దుంపలకు వాడకండి. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన మార్గదర్శకాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. నీటిని పరిపూర్ణంగా శుద్ధి చేయడం ఒక్కటే మార్గం కాదని, పంట ఎంపిక, నీరు పెట్టే పద్ధతి, మనిషికి తగలకుండా చూడడం వంటి అడ్డుగోడలు కలిసి రక్షణ ఇస్తాయని వాటి సారాంశం.

స్థలం వాలుగా లేకపోయినా, డ్రిప్ తప్పదనుకున్నా, మధ్యలో రెల్లు పడక కట్టవచ్చు. జర్మనీలో కేథె సైడెల్ 1950లలో నీటిమొక్కలతో మురుగునీటిని శుద్ధి చేసే ప్రయోగాలు మొదలుపెట్టింది. ఆ దారిలో ఎదిగిన విధానం ఇది. నీరు ఇంకని తొట్టిలో 60 సెంటీమీటర్ల లోతున కంకర నింపి, రెల్లు, జమ్ము, మెట్టతామర వంటివి నాటుతారు. నీటి మట్టం కంకర పైభాగానికి 5 నుంచి 10 సెంటీమీటర్లు కిందే ఉంటుంది కాబట్టి దోమలు గుడ్లు పెట్టలేవు. మీ 300 లీటర్లలో, లీటరుకు 200 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకు 60 గ్రాముల బి.ఓ.డి. ఉంటుంది. చదరపు మీటరుకు రోజుకు 10 గ్రాముల భారం వేస్తే 6 చదరపు మీటర్ల పడక కావాలి. అర మీటరు నీటి లోతు, కంకరలో 35 శాతం ఖాళీ అనుకుంటే అందులో సుమారు 1050 లీటర్లు పడతాయి, అంటే నీరు మూడున్నర రోజులు అందులో నెమ్మదిగా నడుస్తుంది. ముందు ఒక చిన్న తేట తొట్టి కట్టి, మడ్డి, వెంట్రుకలు అక్కడే ఆపాలి, లేకపోతే పడక మొదట్లో కంకర పూడుకుంటుంది. ఒక నష్టం కూడా చెప్పాలి. ఎండలు ముదిరినప్పుడు ఆ మొక్కలు రోజుకు 8 మిల్లీమీటర్లు తాగితే 48 లీటర్లు అక్కడే పోతాయి, మిగిలిన నీటిలో ఉప్పు అంతమేరకు చిక్కబడుతుంది.

ఇక ఫ్లష్. ఇది తోటకన్నా పూర్తిగా వేరైన పని, ఎందుకంటే ఇక్కడ నీరు ఇంట్లోకి తిరిగి వస్తోంది. తొట్టిలో నిలిచి ఉంటుంది, ఫ్లష్ చేసినప్పుడు తుంపరలు లేస్తాయి. ఇంటిలోపల వాడే శుద్ధి యూనిట్లకోసం 2011లో అమెరికాలో వచ్చిన ఎన్.ఎస్.ఎఫ్. 350 ప్రమాణం ఇళ్ళ యూనిట్లకు సగటున లీటరుకు 10 మిల్లీగ్రాముల బి.ఓ.డి., 10 మిల్లీగ్రాముల తేలియాడే ఘనపదార్థాలు, 5 యూనిట్ల మసక, 100 మిల్లీలీటర్లకు 14 ఇ. కోలి బాక్టీరియాను హద్దుగా పెట్టింది. ఆ హద్దు చేరుకోవడం మీ డ్రమ్ము వల్ల కాదు.

మీకు కావలసింది కూడా చూడండి. ఒక్కొక్కరు రోజుకు ఐదుసార్లు, ప్రతిసారీ 6 లీటర్లు అంటే 150 లీటర్లు. ఇందుకు 2000 లీటర్ల సంపు ఎందుకు? తేట తొట్టి తరువాత 60 నుంచి 90 సెంటీమీటర్ల లోతు ముతక ఇసుక పడక మీద, చదరపు మీటరుకు రోజుకు 50 లీటర్ల చొప్పున, 3 చదరపు మీటర్లలో నీరు చల్లండి. ఒకేసారి కాకుండా రోజుకు పన్నెండు నుంచి ఇరవై నాలుగు చిన్న విడతలుగా చల్లాలి. విడతకూ విడతకూ మధ్య ఇసుకలోకి గాలి దిగుతుంది, మీ మూత డ్రమ్ముకూ దీనికీ ఉన్న తేడా అదే. అలా తేటపడిన నీటిని అతినీలలోహిత దీపం గుండా పంపి, 150 నుంచి 200 లీటర్ల చిన్న ట్యాంకులో ఒక్క రోజు వాడకానికి మాత్రమే ఉంచండి. వరుస తప్పకూడదు. మసక నీటిలో ఆ కాంతి క్రిమి వరకు చేరదు. క్లోరిన్ వేసినా సేంద్రియ పదార్థమే ముందు దాన్ని తినేస్తుంది. దీపం వెలుగుతున్నట్టు కనిపించినా ఏడాదికి దాని శక్తి తగ్గిపోతుంది, మార్చాలి.

ఈ భాగంలో నేను ఏమాత్రం రాజీపడని విషయం గొట్టాల కలయిక. శుద్ధి చేసిన నీరు చాలనప్పుడు ట్యాంకులోకి మంచినీరు రావాలంటే, మంచినీటి గొట్టం ట్యాంకు అంచుకు పైనే ఆగి, మధ్య గాలి ఖాళీ ఉండి, అక్కడినుంచి నీరు జారిపడాలి. వాల్వుతో కలిపిన కలయిక ఏదో ఒకరోజు లీకవుతుంది, ఆ రోజు వాడిన నీరు తాగే కుళాయిలోకి పోతుంది. వాడిన నీటి గొట్టాలకు ఊదారంగు వేయడం చాలా చోట్ల ఆనవాయితీ, మీరూ పాటించండి. పని పూర్తయ్యాక ఆ ట్యాంకులో హానిలేని రంగు కలిపి ఇంట్లోని ప్రతి కుళాయినీ తిప్పి చూడండి. ఈ బాధ్యతలన్నీ ఏళ్ళ తరబడి మోయడానికి సిద్ధంగా లేకపోతే ఫ్లష్ ఆలోచన వదిలేయండి. మీ 300 లీటర్లనూ తోటే వాడుకోగలిగినప్పుడు, అదే నీటిని ఇంట్లోకి తేవడం నాకు లాభంగా తోచదు. పెరడు లేని ఇళ్ళ సంగతి వేరు.

అనుమతుల విషయం మీ స్థానిక సంస్థను అడిగి తెలుసుకోండి, నియమాలు చోటుచోటుకూ మారతాయి. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం 2001లో తెచ్చిన నియమం నాకు బాగా నచ్చుతుంది. రోజుకు 400 గ్యాలన్లకు, అంటే సుమారు 1500 లీటర్లకు లోపు వాడే ఇల్లు, వంటింటి నీరు కలపకుండా, స్ప్రింక్లరు వాడకుండా, నీరు తన ఆవరణ దాటకుండా చూసుకుంటే విడిగా అనుమతి తీసుకోనక్కరలేదు.

మీ ఇల్లు ఇంకా కట్టుబడిలో ఉంది కాబట్టి ఈ వారం చేయవలసిన పని ఒకటుంది. నేల కాంక్రీటు పడకముందే స్నానాల గొట్టాన్ని, వాషింగ్ మెషీన్ గొట్టాన్ని, మరుగుదొడ్డి గొట్టాన్ని, వంటింటి గొట్టాన్ని దేనికది విడిగా బయటి గోడ దాకా తెప్పించండి. స్నానాల నీరు ఇకమీదట మరుగుదొడ్డి గొట్టాన్ని కడగదు కాబట్టి ఆ గొట్టానికి వాలు సరిగా ఉందో లేదో నీరు పోసి చూడండి. గోడలు మూసే ముందు ప్రతి గొట్టం పక్కనా కొలబద్ద ఆనించి ఫోటోలు తీసి పెట్టుకోండి. సంపు తవ్వడానికి పిలిచిన మనిషికి ఆ గుంత బదులు పాదులు తీసే పని అప్పగించండి. గుంతలో నీరు ఇంకే వేగం, మట్టిగడ్డ పరీక్షలో కనిపించినది, మీ సబ్బు డబ్బా మీద రాసిన పదార్థాలు, ఈ మూడూ ఇక్కడ రాస్తే ఎన్ని పాదులు, ఎంత వెడల్పున తీయాలో లెక్క వేసి చెబుతాను.